చెవంతా ఇంజన్ మీదే!

ప్రగతి నగర్‌లోని ఆ అపార్ట్‌మెంట్ సెల్లార్లో కవరు తీస్తే చాలు, పిల్లలంతా మూగుతారు. 2007 నాటి పోర్షే కేమన్ మరి! హైటెక్ సిటీ ఉద్యోగి ఒకాయన పదేళ్ల పొదుపుతో కొన్న సెకండ్‌హ్యాండ్ కారు. తాళం తిప్పితే మాత్రం ఆయన గుండె దడదడే. ఇంటర్మీడియట్ షాఫ్ట్ బేరింగు విరిగితే, వాల్వులూ పిస్టన్లూ ఢీకొని ఇంజనే పోవచ్చు. 2009 మోడల్ నుంచి ఆ షాఫ్టే లేదు. ఈ కారులో ఉంది! ఇంజన్ మొత్తం విప్పందే బేరింగు మార్చలేరు. ఆయిల్ మార్చినప్పుడల్లా ఫిల్టరు కోసి ఇనుప రజను వెతికేవారు. చివరికి భయంతో బండి తీయడమే మానేశారు.

తండ్రి పాతకాలపు లారీ మెకానిక్. చప్పుడు విని జబ్బు చెప్పిన ఆ చెవులు ఇప్పుడు మందగించాయి. ఓ ఆదివారం కారెక్కి, సీటు వెనక ఇంజన్ ఉన్నచోట అరచెయ్యి ఆనించారు. ‘‘బానే ఉందిరా. కూర్చోబెడితే ఏ బండైనా చెడుతుంది. చెరువు దాకా పోనీ’’ అన్నారు.

ఇప్పుడు ఆదివారాలు ఆ కారు మీద కవరుండదు.