ఇనుము పలికితే ఆర్కిమెడిస్ కనిపించాడు

ఒక మేకతోలు పుట. పైన బంగారు పూత వేసిన బొమ్మ. బొమ్మ కింద ప్రార్థనలు. ప్రార్థనల కింద, గీకి చెరిపేసిన అక్షరాల్లో, ఆర్కిమెడిస్! అట్టడుగున ఉన్న ఆ రాతను, పుట మీద గీత కూడా పడకుండా చదివారంటే నమ్మబుద్ధి కాలేదు. ఎలా చదివారో తెలిశాక కనిపించిన వాళ్లందరికీ చెబుతున్నాను. ఇప్పుడు మీ వంతు.

పదో శతాబ్దంలో కాన్‌స్టాంటినోపుల్‌లో ఎవరో ఆర్కిమెడిస్ రచనలకు నకలు రాశారు. 1229లో ఆ రాతను గీకేసి, పుటలను అడ్డంగా తిప్పి, ప్రార్థనల పుస్తకం చేశారు. ఇరవయ్యో శతాబ్దంలో ఇంకో మహానుభావుడు, ధర పలుకుతుందని కాబోలు, నాలుగు పుటల మీద పాతవాటిలా కనిపించే నకిలీ బొమ్మలు వేశాడు. చెరిపేసిన రాతను చదవబోయిన కెమెరాలు అక్కడ చేతులెత్తేశాయి.

స్టాన్‌ఫర్డ్‌లో, బలమైన ఎక్స్‌రేలు పుట్టించే సింక్రోట్రాన్ యంత్రం దగ్గర పనిచేసే ఊవె బెర్గ్‌మన్‌కు అప్పుడు తట్టింది: ఆ సిరాలో ఇనుముంది కదా! 2005లో సన్నని ఎక్స్‌రే కిరణాన్ని పుట మీద చుక్క చుక్కగా నడిపించారు. ఎక్స్‌రే తగలగానే పరమాణువు లోపలి కక్ష్యలోని ఎలక్ట్రాన్ ఒకటి ఎగిరిపోతుంది. ఆ ఖాళీలోకి పై కక్ష్యలోది దూకుతుంది. దూకేటప్పుడు మిగిలిన శక్తి మరో ఎక్స్‌రేగా బయటికొస్తుంది. ఆ శక్తి ఎంతన్నది మూలకాన్ని బట్టే ఉంటుంది. కాల్షియమైతే 3.7 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు, ఇనుమైతే 6.4, రాగి అయితే 8. తుప్పులో ఉన్నా సిరాలో ఉన్నా ఇనుము అదే అంకె పలుకుతుంది. 6.4 పలికిన చుక్కలన్నిటినీ పటంగా పేరిస్తే, అక్షరాలు! మొదటి పుటలోనైతే ప్రార్థనలు రాసిన ఆసామి పేరే బయటపడింది: యోహానెస్ మైరోనాస్. దాదాపు ఎనిమిది వందల ఏళ్లకు దొరికిపోయాడు పాపం.

ఈ శక్తులు పరమాణు సంఖ్యను బట్టి మెట్టు మెట్టుగా పెరుగుతాయని 1913లోనే హెన్రీ మోజ్లీ కనిపెట్టాడు. ఆవర్తన పట్టికలో ఏ గళ్లు ఖాళీగా ఉన్నాయో కూడా చెప్పాడు. రెండేళ్లు తిరక్కుండానే గల్లిపోలి యుద్ధంలో పోయాడు, ఇరవై ఏడేళ్ల వయసులో.

మన బంగారం కొట్లో, ఉంగరాన్ని కరిగించకుండా, గీటురాయి మీద గీయకుండా, 916 అవునో కాదో చెప్పే యంత్రం చేసేదీ ఇదే పని. కాకపోతే అది చూసేది పైపొరనే. లోపల రాగి పెట్టి పైన మందంగా బంగారం పూస్తే బోల్తా పడుతుంది. మన తాళపత్రాల దగ్గరా దీని పప్పులు ఉడకవు. గంటంతో గీసిన గాట్లలో రుద్దింది మసి, అంటే కార్బన్. అంత తేలిక మూలకం వదిలే ఎక్స్‌రే మరీ బలహీనం, గాలిలోనే ఇంకిపోతుంది.

మరి గాలే లేని చోట? 2019లో శ్రీహరికోట నుంచి వెళ్లిన చంద్రయాన్-2లో క్లాస్ అనే పరికరం ఉంది. దానికి సొంత ఎక్స్‌రే గొట్టమే లేదు. సూర్యుడి మీద జ్వాలలు ఎగసినప్పుడు వచ్చే ఎక్స్‌రేలు చంద్రుడి నేలకు తగులుతాయి. ఆ నేల బదులు పలికితే, సుమారు వంద కిలోమీటర్ల పైనుంచి ఇది పట్టుకుంటుంది. మెగ్నీషియం, అల్యూమినియం, సిలికాన్... సోడియానికైతే పటమే గీసిపెట్టింది. ఎక్స్‌రే గొట్టం పనిని సూర్యుడి చేత చేయించుకుంటున్నారండీ!