ఉరుకుల కారులో ఉయ్యాల

ఉత్తర జర్మనీలో మిట్టెల్లాండ్ కాలువ ఒడ్డున వోల్ఫ్స్‌బర్గ్ అనే ఊరు ఉన్నది. 1938లో కార్ల కర్మాగారం కోసమే పుట్టిన ఊరది. ఆ కర్మాగారం పక్కనే, 2000లో తెరచిన ప్రదర్శనశాలలో, రెండు అద్దాల గోపురాలున్నాయి. ఒక్కొక్క దానిలో 400 కార్లు పడతాయి. మనవాళ్ళు పెళ్ళి చీరలకు కంచి వెళ్ళినట్లు, వోక్స్‌వాగన్ కారు కొన్నవారు చాలామంది దాన్ని అందుకోవడానికి సకుటుంబంగా ఇక్కడికి వస్తారు.

వారిలో కొత్త దంపతులూ ఉంటారు. వేగమంటే సరదా తీరలేదు. ఏడాది తిరిగేసరికి ఇంట్లో ఉయ్యాల కట్టాలనీ ఉన్నది. ఏ కారు కొనాలి?

ఈ చిక్కుకు 1976లో ఈ ఊరే ఒక దారి చూపింది. గోల్ఫ్ కారుకే 110 అశ్వశక్తి ఇంజను బిగించి జీటీఐ అని పేరు పెట్టారు. వెనుక సీటు మడిస్తే సామానుకూ చోటే. మొదట 5,000 చేస్తే చాలుననుకున్నారు. తొలి తరంలోనే 4 లక్షల 60 వేలు దాటాయి!

అయితే, పేరు చూసి మురిసిపోకండి. పసిపాప సీటు వెంట తీసుకువెళ్ళి వెనుక పెట్టి చూడండి. వెనక్కు తిరిగి ఉండే ఆ సీటు చోటంతా తినేస్తుంది. ముందు కూర్చునేవారి మోకాళ్ళు పడతాయా? దాన్ని ఎయిర్‌బ్యాగ్ పనిచేస్తున్న ముందు సీటులో ఎన్నడూ పెట్టరాదు. పాప ప్రాణానికే ముప్పు. వెనుకకు వేరే తలుపులు లేకపోతే, నిద్రపోయే బిడ్డను దింపేసరికి నడుము పట్టేస్తుంది. పిల్లల బండి డిక్కీలో పట్టాలి. ఇవన్నీ చూశాకే ఇంజను సంగతి అడగండి. కొన్న తరువాత కారులో చోటు పెరగదు కదా!