సూపర్‌డోమ్ తలుపులు తెరిచిన రాత్రి

అమెరికన్ ఫుట్‌బాల్ నియమాలు నాకిప్పటికీ పూర్తిగా పట్టుబడలేదు. అయినా ఆ ఆటకు సంబంధించి ఒక రాత్రి మాత్రం నన్ను వదలడం లేదు. ఇన్నాళ్ళకు రాయడానికి కూర్చున్నాను.

2005 ఆగస్టు 29న కత్రినా తుపాను విరుచుకుపడింది. కరకట్టలు తెగి న్యూ ఆర్లియన్స్ నగరంలో 80 శాతం నీట మునిగింది. సూపర్‌డోమ్ క్రీడాప్రాంగణంలో వేలాదిమంది తలదాచుకున్నారు. పైకప్పు చిరిగింది, కరెంటు పోయింది. ఆ ఉక్కలో, దుర్గంధంలో, బయటికి తీసుకుపోయే బస్సుల కోసం వాళ్ళు రోజుల తరబడి ఎదురుచూశారు. ఆ నగరపు జట్టు సెయింట్స్ కూడా ఆ ఏడు గూడు చెదిరిన పక్షే. పరాయి ఊళ్ళ మైదానాలనే సొంత మైదానాలుగా భావించి ఆడి, 16 ఆటల్లో మూడే గెలిచింది.

మరుసటి ఏడు షాన్ పేటన్ అనే కొత్త శిక్షకుడు వచ్చాడు. బంతి విసిరే భుజానికే శస్త్రచికిత్స జరిగిన డ్రూ బ్రీస్‌ను జట్టు నమ్మి తెచ్చుకుంది. 18 కోట్ల డాలర్లకు పైగా వెచ్చించి సూపర్‌డోమ్‌ను బాగుచేశారు. నాకు మనసొప్పలేదు. లోయర్ నైన్త్ వార్డులో ఇళ్ళు శిథిలాలుగానే ఉన్నాయి. ఎందరో ఇంకా ట్రెయిలర్లలో కాపురముంటున్నారు. ఆటస్థలానికి అంత తొందరేమిటి?

2006 సెప్టెంబరు 25 రాత్రి ఈ కోపంతోనే టీవీ ముందు కూర్చున్నాను. ప్రత్యర్థి అట్లాంటా ఫాల్కన్స్. ఆట మొదలై రెండు నిమిషాలైనా కాలేదు. అట్లాంటా ఆటగాడు బంతిని దూరంగా తన్నబోతుండగా స్టీవ్ గ్లీసన్ దూసుకొచ్చి, చేతులు చాచి అడ్డుకున్నాడు. కర్టిస్ డెలోచ్ ఆ బంతి మీద పడి టచ్‌డౌన్ సాధించాడు. అప్పుడు లేచిన కేకలు విని నా కోపం కాసేపు నోరు మూసుకుంది. ఏడాది క్రితం జనం నీళ్ళకోసం అలమటించిన చోటు అది. అదే కప్పు కిందికి ఇప్పుడు తమంత తాముగా నడిచి వచ్చారు.

ఆ ఆట 23-3తో గెలిచారు. ఆ ఏడు పది విజయాలతో తమ విభాగంలో మొదట నిలిచారు. ఫిలడెల్ఫియాను 27-24తో ఓడించి, జట్టు చరిత్రలో తొలిసారి కాన్ఫరెన్సు ఫైనల్ చేరి, అక్కడ షికాగో చేతిలో ఓడిపోయారు. సూపర్‌బౌల్ 2010 ఫిబ్రవరిలో దక్కింది.

2011లో గ్లీసన్‌కు ఏఎల్ఎస్ సోకినట్టు తేలింది. కండరాలను క్రమంగా చచ్చుబరిచే వ్యాధి అది. 2012లో సూపర్‌డోమ్ బయట ఆ రాత్రి అతను బంతిని అడ్డుకున్న క్షణాన్ని విగ్రహంగా నిలిపారు. దాని పేరు ‘పునర్జన్మ’.

ఇళ్ళు ముందా, ఆటస్థలం ముందా అని అడిగితే నేనిప్పటికీ ఇళ్ళే అంటాను. కానీ ఆ రాత్రి అక్కడికి చేరిన వాళ్ళను మాత్రం ఆ ప్రశ్న అడగలేను. అడిగే హక్కు నాకంటే వాళ్ళకే ఎక్కువ. వాళ్ళే అరుస్తున్నారు, ఆనందంతో.