అగ్నిపర్వతాల పిల్లవాడు

గ్రహాంతర జీవులతో పోరాడే సినిమాకి జీవశాస్త్రం మేష్టారు నాయకుడవుతాడని నేనెప్పుడూ అనుకోలేదు. 2021 జులైలో అమెజాన్ ప్రైమ్‌లో ‘ది టుమారో వార్’ చూసినప్పుడు తుపాకుల మోత కంటే ముందు ఆ మేష్టారి మొహమే నా కంటికి ఆనింది. జిల్లా పరిషత్ హైస్కూల్లో ఇరవై రెండేళ్లుగా నేను చెబుతున్నదీ అదే పాఠం.

క్రిస్ ప్రాట్ వేసిన డాన్ ఫారెస్టర్ ఇరాక్ యుద్ధం నుంచి వచ్చి బడిలో చేరినవాడు. పరిశోధనశాలలో ఉద్యోగానికి ప్రయత్నిస్తాడు, రాదు. ఆ సాయంత్రమే, టీవీలో ప్రపంచ కప్ ఫుట్‌బాల్ ఆట సాగుతుండగా, మైదానం నడిమధ్యన సైనికులు ప్రత్యక్షమవుతారు. 2051 నుంచి వచ్చామంటారు. వైట్‌స్పైక్స్ అనే జీవులు మనుషుల్ని తినేస్తున్నాయి, మేం ఐదు లక్షల మంది కూడా మిగల్లేదు, వచ్చి ఆదుకోండి అంటారు.

ఆ పిలుపులో ఒక లెక్కుంది. మనిషి తనకు తానే ఎదురుపడకూడదు కనక, 2051 నాటికి చనిపోయి ఉండేవాళ్లనే యుద్ధానికి ఎంచుతారు. అందుకే శిబిరంలో చేరినవాళ్లలో ఎక్కువమంది నడివయసువాళ్లు. తర్ఫీదు ఇచ్చే కుర్రాళ్లేమో ఇంకా పుట్టనే లేదు! నోటీసు అందుకున్నవాడికి తన ఆయుష్షు సంగతి కూడా తెలిసిపోతుంది. ఈ ఊహ ఒక్కదానికే రచయిత జాక్ డీన్‌కు దండం పెట్టాలనిపించింది.

మన ‘ఆదిత్య 369’లో యంత్రం రాయలవారి కాలానికీ 2504కూ తిరిగొచ్చింది. ఇక్కడ అలా తిరగడానికి లేదు. ఒకే నది మీద ముప్ఫై ఏళ్ల ఎడంతో కట్టిన రెండు తెప్పలు, రెండూ ఒకే వేగంతో సాగుతుంటాయి. అక్కడ ఏడు రోజులు గడిస్తే ఇక్కడా ఏడు గడిచినట్టే.

నోటీసు అందుకుని 2051కి వెళ్లిన డాన్‌కు అక్కడ ఎదురైన కల్నల్ అతని కూతురు మ్యూరీ. ఇంట్లో వదిలొచ్చిన చిన్నపిల్ల ఈడొచ్చి ఎదురుగా నిలబడితే, ఆ తండ్రికి దగ్గరికి తీసుకోవాలని ఉంటుంది. ఆమె మాత్రం ముభావంగా ఉండిపోతుంది. గుచ్చి గుచ్చి అడిగితే చెబుతుంది, నువ్వు మమ్మల్ని వదిలేసి వెళ్లిపోయావని. బతుకు అనుకున్నట్టు సాగలేదన్న దిగులే అతణ్ణి ఇంటికి దూరం చేసింది. నేను సినిమా ఆపి లేచి మంచినీళ్లు తాగింది అక్కడే. జూనియర్ లెక్చరర్ ఉద్యోగం రాని ఏడాది, ‘ఈ బడిలోనే నా జీవితం తెల్లారిపోతుందా’ అని ఇంట్లో ఎన్ని సాయంత్రాలు విసుక్కున్నానో! పక్క గదిలో చదువుకుంటున్న పిల్లలకు అవన్నీ వినిపించే ఉంటాయి.

ఆడ జీవిని చంపే విషం తయారుచేసి, దాన్ని పట్టుకుని వెనక్కి వెళ్లమంటుంది మ్యూరీ. ఇక్కడికి తిరిగొచ్చాక అతని చేతిలో విషం ఉంది గానీ, ఆ జీవులెక్కడున్నాయో తెలియదు. అవి 2048లో రష్యాలో మొదట కనిపించాయి గానీ, ఆకాశం నుంచి దిగుతుండగా చూసినవాళ్లు లేరు. ముందునుంచే ఇక్కడున్నాయేమో అంటుంది డాన్ భార్య ఎమీ. గుర్తుగా దాచుకున్న ఒక వైట్‌స్పైక్ గోట్లో అగ్నిపర్వతపు బూడిద కనిపిస్తుంది.

డాన్ నేరుగా తన విద్యార్థి మార్టిన్ దగ్గరికి వెళ్తాడు. లోకమే ముగిసిపోతుంటే చదువెందుకని తరగతి అంతా డీలాపడి కూర్చున్న రోజుల్లో కూడా ఆ కుర్రాడికి అగ్నిపర్వతాల ధ్యాసే. ఆ బూడిద చైనా, కొరియా సరిహద్దులోని పెక్టు పర్వతానిదని తేలుతుంది. క్రీ.శ. 946 నాటి ఆ విస్ఫోటం నిజంగా జరిగిందే. దాని బూడిద జపాన్‌లోనూ, గ్రీన్‌లాండ్ మంచు పొరల్లోనూ శాస్త్రవేత్తలకు దొరికింది. అంటే గ్రహాంతరుల ఓడ వెయ్యేళ్లుగా రష్యా మంచు కింద పడి ఉందన్నమాట.

ఆ మంచులో జరిగే చివరి పోరాటం నన్ను అంతగా పట్టలేదు, చప్పుడెక్కువ. నా మనసు మార్టిన్ దగ్గరే ఉండిపోయింది.

మా బడిలోనూ ఒకడున్నాడు. ఏ పాఠం చెబుతున్నా లేచి గిజిగాడి గూళ్ల గురించే అడుగుతాడు. సిలబస్ పూర్తి కాదని ఎన్నోసార్లు కూర్చోబెట్టేశాను. ఆ ఏడాది కోవిడ్ తర్వాత బడి తెరిచాక, వాణ్ణి బోర్డు దగ్గరికి పిలిచి గూడు బొమ్మ గీయమన్నాను. పొడుగాటి గొట్టం, పైన గుండ్రటి గది గీసి, లోపల గోడకు చిన్న చుక్క పెట్టాడు. అదేమిట్రా అన్నాను.

“మట్టి ముద్ద సార్. మగపిట్ట తెచ్చి అంటిస్తుంది. ఎందుకు సార్?”

పీరియడ్ అయిపోయి గంట కొట్టినా ఆ బొమ్మ చెరపలేదు.