పట్టాలు లేని చోట పాఠాలు

పోర్ట్‌బ్లెయిర్‌లో రైల్వే రిజర్వేషన్ కౌంటర్ ఉంది. రైలు మాత్రం లేదు. ఇక్కడ టికెట్ కొన్నవాళ్లు ముందు ఓడలో రెండు మూడు రోజులు సముద్రం దాటి విశాఖకో, చెన్నైకో, కోల్‌కతాకో చేరాలి. లేదంటే విమానం ఎక్కాలి. బెర్తు సంగతి ఆ తర్వాతే. దీవుల్లో పుట్టి పెరిగిన పిల్లల్లో చాలామంది పైచదువులకు మెయిన్‌ల్యాండ్ వెళ్లినప్పుడే మొదటిసారి రైలు చూస్తారు. 2024 సెప్టెంబర్‌లో ఊరి పేరును శ్రీ విజయపురంగా మార్చారు కానీ ఈ లోటు అలాగే ఉంది.

రైళ్లంటే పడిచచ్చే జీవశాస్త్ర ప్రొఫెసర్ ఎవరైనా రిటైరయ్యాక ఇక్కడికొస్తే ఇబ్బందిలో పడతాడు. చెప్పడానికి పాఠాలు మాత్రం అడుగడుగునా దొరుకుతాయి. ఊరి శివార్లలోని సిప్పీఘాట్‌లో 2004 డిసెంబర్ 26న నేల కుంగి, పొలాల్లోకి ఉప్పునీరు వచ్చి అక్కడే ఉండిపోయింది. అదే భూకంపానికి ఉత్తర అండమాన్‌లో నేల పైకి లేచి, పగడపు దిబ్బలు గాలిలో తేలి చచ్చిపోయాయి. ఒకే రోజు, ఒకే ద్వీపమాల, రెండు విరుద్ధ ఫలితాలు. ఏ ప్రయోగశాల చూపిస్తుంది ఇది? వాండూర్‌లో 1983లో ఏర్పాటైన మెరైన్ నేషనల్ పార్కు, బారాటాంగ్ దారిలో మడ అడవులు, దిగ్లీపూర్ దగ్గర కాళీపూర్ తీరంలో గుడ్లు పెట్టడానికొచ్చే తాబేళ్లు... సిలబస్ ఎంతకీ పూర్తికాదు.

పట్టాల కోసం మాత్రం చాథమ్‌కి వెళ్లాలి. 1883లో మొదలైన ఈ ప్రభుత్వ రంపపు మిల్లులో దుంగలు మోసే ట్రాలీల కోసం వేసిన పట్టాలే దీవుల్లో రైలుకు దగ్గరి బంధువులు. బ్రిటిష్ వాళ్లు అడవుల్లో ఏనుగులతో పాటు ట్రామ్ పట్టాలనూ దుంగలు లాగడానికి వాడారు. అంటే ఇక్కడ పట్టాలు వేసింది మనుషుల కోసం కాదు, పడగొట్టిన చెట్ల కోసం.

అసలు రైలు మాట 2017లో గట్టిగా వినిపించింది. పోర్ట్‌బ్లెయిర్ నుంచి దిగ్లీపూర్‌కి 240 కిలోమీటర్ల లైను, ఖర్చు దాదాపు రూ.2,413 కోట్లు. వ్యాపార లెక్కల్లో రాబడి మైనస్ 9.64 శాతం. అయినా దేశ రక్షణ, పర్యాటకం దృష్ట్యా వేద్దామన్నారు. తీరం వెంట, వంతెనల మీదుగా సాగే రైలు! కిటికీ పక్క సీటు కోసం ఎవరైనా కొట్టుకుంటారు. అయితే ఇంతవరకూ ఒక్క పట్టా కూడా పడలేదు.

ప్రొఫెసర్ ఇబ్బంది ఇక్కడే. రైలు పిచ్చివాడు ఆ లైను రావాలంటాడు. పాఠం చెప్పేవాడు జిర్కటాంగ్ చెక్‌పోస్టు వైపు వేలు చూపిస్తాడు. అక్కడి నుంచి వాహనాలను కాన్వాయ్‌గానే జారవాల రిజర్వ్ గుండా పంపుతారు. దిగి ఫొటోలు తీయడం నేరం. 1970లలో పనులు మొదలైన అండమాన్ ట్రంక్ రోడ్డు వాళ్ల అడవిని చీల్చుకుంటూ వెళ్లింది. జారవాలు 1998లో బయటివాళ్లతో కలవడం మొదలుపెట్టారు. మరుసటేడే తట్టు సోకింది. ఊళ్లో పిల్లలకు వచ్చిపోయే జబ్బే, కానీ దాన్ని ఎన్నడూ ఎరగని శరీరాలకు అది వేరే జబ్బు. రోగనిరోధక శక్తి గురించి ఇంతకంటే కటువైన ఉదాహరణ పాఠ్యపుస్తకంలో దొరకదు. రిజర్వ్ గుండా వెళ్లే రోడ్డు భాగాన్ని మూసేయమని సుప్రీంకోర్టు 2002లోనే చెప్పింది. కాన్వాయ్‌లు ఆగలేదు. రైలు లైను ఎటు గీసినా మడ అడవులను, రిజర్వ్ అంచులను తప్పించడం కష్టమే.

దిగ్లీపూర్ జనం మాటా కొట్టిపారేయలేం. పోర్ట్‌బ్లెయిర్ ఆస్పత్రికి రావాలంటే వాళ్లకు బస్సులో దాదాపు రోజంతా పడుతుంది. మధ్యలో మిడిల్ స్ట్రెయిట్ దగ్గర బస్సుతో సహా పంటు ఎక్కాలి. చివరి కాన్వాయ్ తప్పిపోతే తెల్లారేదాకా ఆగాల్సిందే.