తొంభై సెకన్ల దెయ్యం

బీరువాలో నాయనమ్మ తెల్లచీర కనిపించదు. మొన్ననే కొన్న పౌడరు డబ్బా ఇవాళ్టికి ఖాళీ. వంటింట్లో టొమాటో సాస్ సీసా అడుగంటింది. కంగారు పడకండి. ఆ ఇంట్లో డిగ్రీ చదివే పిల్లలున్నారని, వాళ్ళు దెయ్యం సినిమా తీస్తున్నారని అర్థం.

సినిమా అంటే మొత్తం సినిమా కాదు లెండి. ట్రైలరు! రెండు గంటల సినిమాకి కథ కావాలి, డబ్బు కావాలి, అన్నిటికీ మించి పరీక్షలు లేని నెల ఒకటి కావాలి. ట్రైలరుకి తొంభై సెకన్లు చాలు. ఒక పాడుబడ్డ ఇల్లు, ఒక టార్చిలైటు, భయపడటానికి ఒక మొహం. మిగతాది సెల్‌ఫోను చూసుకుంటుంది. ఇదేదో మన కుర్రాళ్ళ సరదా అనుకోనక్కర్లేదు. ఇంగ్లండులో మీడియా చదివే ఇంటర్ వయసు పిల్లలకి ఏళ్ళ తరబడి పరీక్షలో ఇచ్చిన ప్రాజెక్టే ఇది. లేని సినిమాకి ఒక ట్రైలరు, ఒక పోస్టరు, ఒక సినిమా పత్రిక ముఖచిత్రం తయారుచేసి ఇవ్వాలి. ఎక్కువమంది ఎంచుకునేది దెయ్యాన్నే. దెయ్యానికి పారితోషికం ఇవ్వక్కర్లేదు కదా!

అలాంటి ట్రైలరుకి పెందుర్తిని మించిన చోటు విశాఖ చుట్టుపక్కల దొరకడం కష్టం. ఒకప్పుడు వేరే ఊరు, ఇప్పుడు నగరంలో భాగం. అయినా నగరం ఇంకా పూర్తిగా వచ్చి కూర్చోలేదు. ఒకవైపు సింహాచలం కొండల వరస. రాళ్ళు పాతి వదిలేసిన లేఅవుట్లు, శ్లాబు వేసి ఆగిపోయిన ఇళ్ళు, వాటి మధ్య ఇంకా పడని తాటిచెట్లు. పగలు చూస్తే రియల్ ఎస్టేటు. రాత్రి పదింటికి చూస్తే రాంగోపాల్ వర్మ.

చిక్కల్లా చప్పుడుతోనే. ఛత్తీస్‌గఢ్‌లోని కిరండూల్ నుంచి ఇనుప ఖనిజం మోసుకుంటూ విశాఖ రేవుకి వెళ్ళే గూడ్సు బళ్ళు కొత్తవలస దాటాక పెందుర్తి మీదుగానే పోవాలి. హీరోయిన్ ఊపిరి బిగబట్టి తలుపు గడియ మీద చెయ్యి వేస్తుంది. సరిగ్గా అప్పుడే దూరంగా గూడ్సు! ఒకటీ రెండూ కాదు, పెట్టెలు లెక్కపెట్టేలోగా ఓపిక అయిపోతుంది. టేకు పోయిందని తిట్టుకుంటారు. తెలివైన కుర్రాడైతే ఫోను రికార్డింగు ఆపడు. చీకట్లో ముందు సన్నగా, తర్వాత నేలంతా కంపించేలా వచ్చి, ఉన్నట్టుండి ఆగిపోయే ఆ మోతని మించిన నేపథ్య సంగీతం ఏ యాప్‌లోనూ దొరకదు. వర్మ 1992లో ‘రాత్రి’ తీసినప్పుడు జనం కుర్చీలు పట్టుకున్నది దెయ్యాన్ని చూసి కాదు, శబ్దం విని. (పట్టాల మీదకెళ్ళి తీస్తామంటే మాత్రం ఇంట్లోవాళ్ళు కాళ్ళు విరగ్గొట్టినా తప్పులేదు. అనుమతి లేకుండా అక్కడికి వెళ్ళడం నేరం. పైగా గూడ్సు బండి దెయ్యంలా నటించదు, నిజంగానే గుద్దుతుంది.)

డబ్బుల్లేక చేసిన పనులే ఈ రంగంలో పాఠాలయ్యాయి. అమెరికాలో మిషిగన్ స్టేట్ యూనివర్సిటీ విద్యార్థి శామ్ రైమీకి దెయ్యం సినిమా తియ్యాలని కోరిక. నమ్మి డబ్బిచ్చేవాడు లేడు. 1978లో దాదాపు 1,600 డాలర్లు పెట్టి స్నేహితులతో ‘వితిన్ ది వుడ్స్’ అనే అరగంట సినిమా తీశాడు. పెట్టుబడి పెట్టేవాళ్ళకి చూపించడానికే తీసిన నమూనా అది. ఒకరకంగా పెద్ద ట్రైలరే. దాన్ని పట్టుకుని డాక్టర్లనీ పంటి డాక్టర్లనీ కూర్చోబెట్టి చూపించి డబ్బు పోగుచేశారు. అలా తయారైన ‘ఈవిల్ డెడ్’ 1981 అక్టోబరులో డెట్రాయిట్‌లో మొదటిసారి తెరమీద పడింది. అడవిలో నేలబారున దూసుకొచ్చే దెయ్యం చూపు ఉంది చూశారూ... దానికి ఖరీదైన యంత్రమేదీ లేదు. చెక్కపలకకి కెమెరా బిగించి, ఇద్దరు చెరో కొసా పట్టుకుని పరిగెత్తారు. చెక్కపలక పెందుర్తిలోనూ దొరుకుతుంది. పరిగెత్తే ఇద్దరు అంతకంటే తేలిగ్గా దొరుకుతారు.

రక్తం సంగతి కూడా చెప్పుకోవాలి. టొమాటో సాస్ కెమెరాకి రక్తంలా కనిపించదు, టిఫిన్ సెంటర్లో గొడవలా కనిపిస్తుంది. పంచదార పాకంలో ఎర్రరంగు, చిటికెడు కాఫీపొడి కలిపితే కాస్త నయం. హిచ్‌కాక్ ‘సైకో’ స్నానాలగది సన్నివేశంలో పారిందైతే చాక్లెట్ సిరప్. నలుపు తెలుపు సినిమా కాబట్టి చెల్లింది.

ఆ ‘సైకో’ ట్రైలరుని ప్రతి కుర్రాడూ ఒక్కసారైనా చూడాలి. 1960లో వచ్చింది. అందులో సినిమా ముక్కలు లేవు. హిచ్‌కాక్ మహాశయుడు ఇల్లు అమ్మే బ్రోకరులా సెట్టంతా తిప్పి చూపిస్తాడు. ఇదిగో మెట్లు, ఇదిగో గది, ఇక్కడే... అని సగంలో మాట మింగేస్తాడు. చివర తెర లాగితే ఒక స్త్రీ కేక. తమాషా ఏమిటంటే, కేక వేసింది సినిమాలో అక్కడ చనిపోయే జానెట్ లీ కాదు, విగ్గు పెట్టుకున్న వీరా మైల్స్. దాచడంలో ఉన్న భయం చూపించడంలో లేదని ఆయనకి తెలుసు. మనవాళ్ళు ఇక్కడే బోల్తా పడతారు. అయిదో సెకనులోనే జుట్టు విరబోసుకున్న దెయ్యం వచ్చి నిలబడుతుంది. ఇక మిగతా ఎనభై అయిదు సెకన్లూ ఏం చూడాలి?

ఆ విరబోసిన జుట్టూ తెల్లచీరా ఎక్కడివో కూడా ఆలోచించాలి. ఒకప్పుడు మన ఇళ్ళలో భర్త పోయిన ఆడవాళ్ళకి మిగిల్చిన రంగు తెలుపు. ఎదురొస్తే అపశకునం అన్నారు. అదే చీరని సినిమా దెయ్యానికి కట్టింది. ఎవర్ని చూసి భయపడాలో ఇంట్లో ముందే నేర్పేశాక, తెరమీద దర్శకుడికి పని తేలికే.

ఇక పోస్టరు. పోస్టరు గోడమీద బొమ్మ కాదు, పరిగెత్తే బస్సులో కిటికీ పక్క సీటు మనిషికి రెండు సెకన్లలో చెప్పే కబురు. మన దగ్గర ఈశ్వర్, గంగాధర్ లాంటివాళ్ళు కుంచెతో అక్షరాలు రాసిన రోజుల్లో టైటిలు చూస్తేనే సినిమా స్వభావం తెలిసేది. ఇప్పుడు ఫోనులో రెడీమేడ్ నమూనాలొచ్చాయి. నెత్తురు కారే అక్షరాలు, పౌర్ణమి చంద్రుడు, గబ్బిలం. ఇంగ్లిషు అక్షరాల కోసం చేసిన ఆ నమూనాలో తెలుగు టైటిలు పెడితే వత్తులూ గుడిదీర్ఘాలూ తెగి, ‘రాత్రి’ కాస్తా చదవలేని ముద్దవుతుంది. ఒక కాగితమ్మీద బ్రష్షుతో చేత్తో రాసి ఫొటో తీసుకుంటే పోయేదేముంది? కింద సన్నక్షరాల్లో పేర్లు వేసేటప్పుడు చీర ఇచ్చిన నాయనమ్మకీ, ఇల్లు ఇచ్చిన మేస్త్రీకీ కృతజ్ఞతలు మరిచిపోకూడదు.

పోస్టరు అయ్యాక మొదలవుతుంది ప్రచారం పిచ్చి. దీనికి పెద్ద వంశమే ఉంది. 1958లో విలియమ్ కాసిల్ అనే అమెరికన్ ‘మకాబర్’ సినిమా చూస్తూ భయంతో చస్తే వెయ్యి డాలర్లు ఇస్తానని ప్రేక్షకులకి బీమా పత్రాలు పంచాడు. సరిగ్గా యాభై ఏళ్ళకి, 2008లో, ‘ఫూంక్’ సినిమాని థియేటర్లో ఒంటరిగా కూర్చుని చూసినవాళ్ళకి 5 లక్షలిస్తానని వర్మ ప్రకటించాడు. ఇవి వినడానికి బాగుంటాయి. నవ్వుకుని వదిలేస్తాం.

అన్నీ నవ్వుకుని వదిలేసేవి కావు. ఫ్లోరిడాలో సినిమా చదువుకున్న డేనియల్ మైరిక్, ఎడువార్డో శాంచెజ్ అనే ఇద్దరు ‘బ్లెయిర్ విచ్ ప్రాజెక్ట్’ తీశారు. ముగ్గురు విద్యార్థులు అడవికెళ్ళి మాయమయ్యారట, వాళ్ళ కెమెరా మాత్రం దొరికిందట. అదీ కథ. 1997లో మేరీలాండ్ అడవుల్లో ఎనిమిది రోజులు షూటింగు. కెమెరాలు నటుల చేతికే ఇచ్చేశారు. పాత్రలకి వాళ్ళ అసలు పేర్లే పెట్టారు. 1999లో విడుదలకి ముందు ‘కనబడుటలేదు’ అంటూ వాళ్ళ ఫొటోలతో కరపత్రాలు పంచారు. ఇంటర్నెట్‌లో ఉత్తుత్తి పోలీసు రిపోర్టులు పెట్టారు. జనం నిజమనుకున్నారు. వేల డాలర్లతో తీసిన సినిమా దాదాపు 25 కోట్ల డాలర్లు రాబట్టింది. ప్రచారం ఎలా చెయ్యాలో చెప్పే ప్రతి పాఠంలోనూ ఇంతవరకే చెబుతారు.

తర్వాత సంగతి ఇదీ. సినిమాలో నటించిన హెదర్ డొనహ్యూ ఇంట్లో సుఖంగా ఉంది. వాళ్ళమ్మకి మాత్రం కూతురు పోయినందుకు సానుభూతి కార్డులు వచ్చాయి! విడుదల వేళ నటులు బయట కనిపించకూడదు మరి, చచ్చిపోయారు కదా. డబ్బు విషయంలో తమకి అన్యాయం జరిగిందని ఆ ముగ్గురూ ఏళ్ళ తరబడి చెబుతూ వచ్చారు. 2024లో, పాతికేళ్ళ తర్వాత కూడా, హక్కులున్న లయన్స్‌గేట్ సంస్థకి బహిరంగ లేఖ రాశారు. రావలసింది ఇవ్వండి, మా పేర్లతో మా మొహాలతో ఇకముందు ఏం తీసినా మమ్మల్నీ అడగండి అని. అక్కడితో అయిందా? కథ జరిగినట్టు చూపించిన బర్కిట్స్‌విల్ నిజంగానే ఉన్న చిన్న పల్లె. అక్కడ అలాంటి మంత్రగత్తె కథ ఎన్నడూ లేదు. అయినా సినిమా చూసినవాళ్ళు వెతుక్కుంటూ వచ్చారు. ఊరి పేరున్న బోర్డులు కూడా పీక్కుపోయారు.

పెందుర్తి కుర్రాళ్ళు ట్రైలరు చివర ‘నిజంగా జరిగిన కథ’ అని వేద్దామనుకున్నప్పుడు గుర్తుచేసుకోవలసింది ఆ బోర్డుల్నే. ఆగిపోయిన ఆ ఇల్లు ఎవరో అప్పుచేసి కట్టుకుంటున్న ఇల్లు. తొంభై సెకన్ల ట్రైలరు వాట్సాప్‌లో నాలుగు గ్రూపులు తిరిగితే చాలు, అది దెయ్యాల కొంప అయిపోతుంది. అద్దెకి ఎవరొస్తారు? కొనేదెవరు?

ఇల్లయితే పోనీ, మనుషుల మాటేమిటి? పెందుర్తి రోడ్డే ముందుకెళితే కొత్తవలస, ఎస్.కోట మీదుగా అరకు చేరుతుంది. ‘చిల్లంగి’ అన్న మాటకి ఉత్తరాంధ్రలో అర్థం చెప్పనక్కర్లేదు. చిల్లంగి పెట్టాడని, పెట్టిందని అనుమానించి మనుషుల్ని కొట్టి చంపిన వార్తలు మన్యం నుంచి ఎన్నోసార్లు పత్రికల్లో వచ్చాయి. అక్కడ అది కథ కాదు, కేసు. ఒంటరి ముసలమ్మని మంత్రగత్తెగా చూపించి కింద ఊరి పేరు వేయడం కుర్రాళ్ళకి ఒక షాటు. నిజంగా అలాంటి ఊళ్ళో ఒంటరిగా బతికే ముసలమ్మకి?

‘కనబడుటలేదు’ పోస్టరుదీ అదే గొడవ. స్టేషను గోడల మీద అసలు కాగితాలు ఎప్పుడూ ఒకటో రెండో ఉంటాయి. ఇంట్లోంచి వెళ్ళిపోయిన పిల్లాడు, మతిస్థిమితం లేని తాత, కింద ఫోను నంబరు. వాటి పక్కన ఉత్తుత్తిది అంటిస్తే, రెండోసారి అసలు కాగితాన్ని కూడా జనం ‘ఏదో సినిమాలే’ అనుకుని దాటిపోతారు.

అన్నిటికంటే ముందు, దెయ్యం వేషం వేసిన ఆ అమ్మాయి. తొమ్మిదిన్నరకల్లా ఇంట్లో దింపుతామని వాళ్ళ నాన్నకి మాటిచ్చి తీసుకొచ్చినవాళ్ళే, మర్నాడు నెత్తురు పూసిన ఆమె ఫొటోని టైటిలు లేకుండా స్టేటస్‌లో పెడతారు. పెందుర్తిలో అది పోస్టరు. అనకాపల్లిలో మేనత్త ఫోనుకి చేరేసరికి యాక్సిడెంటు. ఫొటోలోనే సినిమా పేరు, ‘నటన’ అన్న మాట చెరిగిపోకుండా వేస్తే ఆ ఫోనుకాల్ రాదు. ఏ ఫొటో బయటికెళ్ళాలో ముందు ఆ అమ్మాయి చూసి సరే అనాలి. దీనికి ఖర్చేమీ లేదు, అడగాలంతే.

ట్రైలరు సిద్ధమయ్యాక మొదటి ఆట ఇంట్లోనే. హాల్లో లైట్లు తీసేస్తారు. ఫోనుని టీవీకి కలుపుతారు. గూడ్సు మోత మొదలవుతుంది. తమ్ముడు దిండు మొహానికి అడ్డం పెట్టుకుంటాడు. అమ్మ వంటింటి గుమ్మంలోనే గరిటెతో నిలబడిపోతుంది. తలుపు తెరుచుకుంటుంది... కేక! చీకటి. టైటిలు పడుతుంది. ఒక్క క్షణం ఎవరూ మాట్లాడరు. అప్పుడు మంచం మీంచి నాయనమ్మ గొంతు:

“చీర నాదే గానీ... ఆ గుంట ఎవరి తాలూకా రా?”