చాక్లెట్ ఊట దగ్గర మన కోకో చెట్టు

చాక్లెట్ అంటే నోరూరని పిల్లలుంటారా చెప్పండి! అలాంటిది చాక్లెట్ కోసమే ఒక మ్యూజియం ఉందని తెలిస్తే ఇక వాళ్లని ఆపడం ఎవరి తరం? జర్మనీలో ఉంటున్న మా అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పుడు మనవడూ మనవరాలూ రోజూ అదే పాట. చివరికి ఒక శనివారం అందరం రైలెక్కి కొలోన్ వెళ్లాం. చిన్నప్పుడు జ్వరమొస్తే రుమాలు మీద చల్లి నుదుటి మీద వేసేవారే యూడీకొలోన్... ఆ సెంటుకి పేరిచ్చిన ఊరు ఇదే సుమండీ.

స్టేషన్ బయటికి రాగానే 157 మీటర్ల ఎత్తున్న పాతకాలపు చర్చి కనిపిస్తుంది. అది చూడాలనుంటే ముందే చూసేయండి, తర్వాత పిల్లలు మీ మాట వినరు. అక్కణ్ణించి రైన్ నది ఒడ్డునే ఓ ఇరవై నిమిషాలు నడిస్తే ఓడ ఆకారంలో అద్దాల భవనం. హాన్స్ ఇమ్‌హోఫ్ అనే చాక్లెట్ వ్యాపారి 1993లో ఈ మ్యూజియం తెరిచాడు. లోపలికి వెళ్లకముందే పిల్లలకి కాస్త తిండి పెట్టండి. ఖాళీ కడుపుతో వెళితే ఆ వాసనకి వాళ్లు ఏదీ చూడనివ్వరు. మేం ఇంటి నుంచి పులిహోర పట్టుకెళ్లి నది ఒడ్డున బెంచీ మీద కూర్చుని తిన్నాం.

లోపల ఒక చిన్న అద్దాల గది ఉంది. తలుపు తీయగానే వేడి, చెమ్మ! స్వెట్టరూ శాలువా తీసేసి హమ్మయ్య అనుకున్నాను, మన ఊరి గాలే. ఆ గదిలో కోకో చెట్లు పెంచుతున్నారు. మావాడు పరుగున వెళ్లిపోయాడు గానీ మనవరాలు మాత్రం చెట్టు ముందు ఆగిపోయింది.

"అమ్మమ్మా, ఇది చిన్న తాతయ్య తోటలోది కదూ!" అంది.

ఏలూరు దగ్గర మా తమ్ముడికి కొబ్బరితోట ఉంది. కొబ్బరి చెట్ల నీడన కోకో వేశాడు. పనసకాయల్లాగే ఇవీ మానుకే కాస్తాయి. రెండేళ్ల క్రితం సెలవులకి వచ్చినప్పుడు ఈ పిల్లలిద్దరూ రాలిన కాయలతో బంతాట ఆడారు. అది చాక్లెట్ కాయ అని ఎవరూ వాళ్లకి చెప్పలేదు. నేనూ చెప్పలేదు, నాకే తోచలేదు! దేశంలో కోకో ఎక్కువగా పండేది మన ఆంధ్రప్రదేశ్‌లోనే అయినా, చాక్లెట్ అనగానే మనకీ స్విట్జర్లాండే గుర్తొస్తుంది మరి.

ఇక అక్కడే నిలబడి చెప్పడం మొదలుపెట్టాను. కాయ కొడితే లోపల సీతాఫలంలా తెల్లటి గుజ్జు, అందులో ముప్ఫై నలభై గింజలు. గుజ్జుతోసహా కప్పెట్టి ఐదారు రోజులు పులియబెడతారు. ఆ కుప్ప పొయ్యిలా వేడెక్కిపోతుంది, పుల్లటి వాసన. ఆ పులుపు సరిగ్గా రాకపోతే తర్వాత ఎంత చక్కెర వేసినా చాక్లెట్ రుచి రాదు. ఆపైన ఎండబెట్టడం, వేయించడం, పొట్టు తీయడం. అచ్చం మనం వేరుశనగలు వేయించి చెరిగినట్టే.

తర్వాతి పని రుబ్బడం. 1879లో రోడోల్ఫ్ లింట్ అనే స్విట్జర్లాండ్ ఆయన చాక్లెట్‌ని గంటల తరబడి తిప్పే యంత్రం కనిపెట్టేదాకా చాక్లెట్ నోటికి గరగరలాడేదట. ఇందులో మనకో గొప్ప ఉంది. చిన్న ఎత్తున చాక్లెట్ చేసే విదేశీయులు చాలామంది వాడే రాతి గ్రైండర్‌కి మూలం మన ఇడ్లీపిండి గ్రైండరే! మా అల్లుడు నమ్మలేదు, ఫోన్‌లో చూసుకుని ఒప్పుకున్నాడు.

కోకో రైతుల బాధలు రాసిన గోడ దగ్గర కాసేపు ఆగండి. జర్మన్‌లో ఉన్నది మనవరాలు చదివి, తడుముకుంటూ తెలుగులో చెప్పింది. ప్రపంచంలోని కోకోలో సగానికి పైగా ఐవరీ కోస్ట్, ఘనా దేశాల్లోనే పండుతుంది. 2020లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం ఆ రెండు దేశాల కోకో తోటల్లో పనిచేసే పిల్లలే 15 లక్షలకు పైగా ఉన్నారు. "చిన్న తాతయ్య తోటలో పిల్లలు పని చేస్తారా?" అని అడిగింది. లేదన్నాను. ఆడవాళ్లు చేస్తారు, కూలికి వచ్చి.

తాతయ్య ఆ చెట్లు కొట్టేద్దామనుకుంటున్నాడని మాత్రం అప్పుడు చెప్పలేకపోయాను. 2024లో ప్రపంచ మార్కెట్‌లో కోకో టన్ను పదివేల డాలర్లు దాటితే ఇక్కడా రైతులు పండగ చేసుకున్నారు. మర్నాటి ఏటికి ధర జారింది, కొనేవాళ్లు వెనకాడారు. "తీసేస్తానక్కా, ఈ చాకిరీ నావల్ల కాదు" అని ఫోన్‌లో అన్నాడు.

చివర్లో ఉంటుందండీ అసలు సంబరం! మూడు మీటర్ల ఎత్తు బంగారు రంగు చెట్టు లాంటి ఫౌంటెన్, అందులో 200 కిలోల వెచ్చటి చాక్లెట్. దగ్గర నిలబడ్డామె వేఫర్ ముంచి ఇస్తుంది. మావాడు నాలుగోసారి వరసలో నిలబడితే ఆమె నవ్వేసింది. తెల్ల చొక్కాలు మాత్రం వెయ్యకండి.

కొన్న చాక్లెట్లు ఊరికి చేర్చడం ఎలా అంటారా? కోకో వెన్న 34 డిగ్రీలకే, అంటే మన ఒంటి వేడికే కరుగుతుంది. బట్టల మధ్య చుట్టి పెట్టె నడుమ సర్దండి. ఇంటికొచ్చాక ఫ్రిజ్‌లో పెడితే గాలి చొరని డబ్బాలో పెట్టండి. పైన తెల్లగా పొర కడితే బూజు అనుకుని పారేయకండి, అది పైకి తేలిన వెన్నో చక్కెరో. తినొచ్చు, లేదా పాలల్లో కరిగించండి.

నూటికి 70 పాళ్లు కోకో ఉన్న కడ్డీలు రెండు తమ్ముడి కోసం తెచ్చాను. మనవరాలు తాతయ్యకి ఒక కార్డు కూడా రాసిచ్చింది. చెట్టు బొమ్మ, కింద గుండ్రటి అక్షరాలతో తెలుగులో "ఇది మనదే". వాడు కార్డు రెండుసార్లు చూసి జేబులో పెట్టుకున్నాడు. చాక్లెట్ విరిచి కాయలు కొట్టే ఆడవాళ్లకి పంచాడు. పాతికేళ్లుగా కోకో కాయలు కొడుతున్న పెద్దావిడ నోట్లో వేసుకుని మొహం చిట్లించింది.

"ఇంతా చేసి చేదేనా అమ్మా?" అంది.

చెట్ల సంగతి అడిగాను. "ఈ ఏడాదికి ఉంచుతాలే" అన్నాడు తమ్ముడు.